మూడు నిమిషాల దారి

భూమికి డెబ్బై అడుగుల లోతున కడుతున్న కొత్త మెట్రో స్టేషన్‌లో ప్రయాణికుడు ఎర్ర లైను బండి దిగి నీలి లైను బండి ఎక్కడానికి పట్టే సమయం కేవలం మూడు నిమిషాలని రవాణా మంత్రిగారు బహిరంగ సభలో ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ స్టేషన్ కడుతున్న ఇంజనీర్లు కూడా ఉన్నారు. ఆ సంగతి వాళ్లు వినడం కూడా అప్పుడే.

మంత్రిగారికి ఆ అంకె ఎక్కడ దొరికిందని అనుమానించడం తగదు. ఉపన్యాసాలు రాసిపెట్టే పెద్దమనిషి అంతకుముందు వాక్యాల్లో 'మూడేళ్ల అహోరాత్ర కృషి' అనీ, 'మూడంతస్తుల మహాద్భుతం' అనీ రాసుకున్నాడు. తర్వాతి వాక్యంలో కూడా మూడే పడితే చెవికి ఇంపుగా ఉంటుందనిపించి వేసేశాడు. ఇంజనీరింగ్ శాస్త్రంలో చాలా కొలతలకు ఇంతపాటి ఆధారం కూడా ఉండదు.

ఆ సభలో వెనక వరసలో నడక గుమాస్తా కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కవాళ్లతో పాటు చేతులెత్తాడు గానీ మూడు నిమిషాలు అన్న మాట చెవిన పడగానే ఆ చేతులు అలాగే ఆగిపోయాయి.

మెట్రో సంస్థ మొత్తానికి నడక గుమాస్తా ఒక్కడే. స్టేషన్లలోని దారులన్నీ నడిచి, ఎక్కడినుంచి ఎక్కడికి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచీతో కొలిచి రాయడం ఆయన ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఆయన అడుగు డెబ్బై అయిదు సెంటీమీటర్లు. ఆకలేసినా అంతే, జ్వరమొచ్చినా అంతే. ఒకసారి వీధిలో కుక్క తరిమితే కూడా అడుగు మార్చలేదనీ, చివరికి కుక్కే విసుగెత్తి వెనక్కి పోయిందనీ ఆఫీసులో చెప్పుకుంటారు. ఏ బండి ఎన్నింటికి కదలాలన్నది ఆయన రాసిన అంకెల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకని కొత్త స్టేషన్‌కి కూడా ఆయన కొలిచి సర్టిఫికెట్ ఇస్తే తప్ప తలుపులు తెరవడానికి వీల్లేదు. ఆ నియమం ఎప్పుడో ఎవరో పెట్టారు. తీసేయడం ఎవరికీ గుర్తు రాలేదు.

స్టేషన్ చరిత్ర మీద చీఫ్ ఇంజనీరుగారు నున్నటి కాగితం మీద ఒక రంగుల పుస్తకం వేయించారు. ఆ పుస్తకంలో చోటు చాలక వదిలేసిన ఒక చిన్న ఘట్టం ఉంది.

ఎర్ర లైను పాత ప్రభుత్వం వేసింది. నీలి లైను ఈ ప్రభుత్వం వేస్తోంది. రెండూ ఒకచోట కలవాలి. ఎక్కడ కలపాలో తేల్చుకోవడానికి మంత్రిగారి గదిలో సమావేశం జరిగింది. చీఫ్ ఇంజనీరుగారు రెండు లైన్లకూ రెండు పెద్ద పటాలు పట్టుకెళ్లారు. వచ్చిన చిక్కల్లా బల్లతోనే. పాత మంత్రిగారు పదవి దిగిపోతూ పెద్ద బల్లను ఇంటికి తోలించుకుపోయారు. మిగిలిన చిన్న బల్ల మీద రెండు పటాలూ పక్కపక్కన పట్టలేదు. చీఫ్ ఇంజనీరుగారు సమయస్ఫూర్తి గల మనిషి కనుక, ఒక పటం అంచును రెండో పటం మీదికి ఒక జానెడు జరిపి సర్దారు. మంత్రిగారు వంగి చూశారు. ఎర్ర చుక్కా నీలి చుక్కా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"ఇంత దగ్గరగా ఉంటే ఇన్నాళ్లూ కలపకుండా ఏం చేస్తున్నారయ్యా?" అని మందలించి, మంత్రిగారు రెండు చుక్కల మీదుగా సంతకం చేసేశారు.

ఆఫీసుకొచ్చి పటాలను నేల మీద విడదీసి పరిచాక, ఆ జానెడు కింద అయిదు వందల ముప్ఫై మీటర్ల ఊరు ఉన్నట్టు బయటపడింది. సంతకమైన పటాన్ని మార్చడమంటే మంత్రిగారు తప్పు చోట సంతకం పెట్టారని రాతపూర్వకంగా ఒప్పుకోవడమే. నేలను తవ్వడం అంతకంటే తేలిక. అందుకని రెండు ప్లాట్‌ఫాంలనూ కలుపుతూ సొరంగం లాంటి నడకదారి తవ్వారు. మధ్యలో ఒక పాత గిడ్డంగి పునాది అడ్డొస్తే ఒక ఒంపు తిప్పారు. దారి తప్పడంతో తిరిగి సరిచేయడానికి ఇంకో ఒంపు తిప్పారు. రంగుల పుస్తకంలో దీన్ని 'ప్రయాణికుల ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకుని రూపొందించిన విహార మార్గం' అని రాశారు.

నడక గుమాస్తా ఆ విహార మార్గంలో మొదటిసారి నడిచి కొలిచాడు. ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. వాచీ చెడిందేమోనని ఇంకో వాచీతో మళ్లీ నడిచాడు. అది కూడా అంతే చెప్పింది. చీఫ్ ఇంజనీరుగారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నీ నడకలో మునుపటి ఉత్సాహం లేదయ్యా, వయసు మీద పడుతోంది అని జాలిపడ్డారు. వారం రోజులు పాలు తాగి మళ్లీ నడవమన్నారు.

ఇంటికెళ్లి ఆ మాట అక్కకు చెబితే ఆవిడ నవ్వలేదు.

అక్క ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల కౌంటర్‌లో పనిచేస్తుంది. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి చదివించింది ఆవిడే. పెళ్లి సంగతి ఎత్తితే వీడి ఉద్యోగం కుదురుకోనివ్వండి అంటూ ఇరవయ్యేళ్లు దాటేసింది. ఇప్పుడు కౌంటర్‌కి హెడ్ పోస్టు ఖాళీ అయింది. వరసలో ముందున్నది అక్కే. షరతు ఒక్కటే: ఆర్నెల్ల పాటు హాజరు పట్టీలో ఒక్క లేటు కూడా పడకూడదు. అయిదు నెలలు గడిచిపోయాయి. ఇన్నాళ్లూ ఆవిడ ఎర్ర లైను దిగి, పైకొచ్చి, బస్సెక్కి ఎనిమిదీ నలభైకల్లా కౌంటర్‌లో ఉండేది. నీలి లైను మొదలయ్యే రోజు నుంచి ఆ బస్సు రద్దు. మూడు నిమిషాల్లో బండి మారే సౌకర్యం కల్పించాక ప్రజలకింకా బస్సెందుకని మంత్రిగారే అన్నారు.

ఎర్ర లైను మొదటి బండి వచ్చేది ఎనిమిదీ పదికి. అంతకుముందు జనం లేవరని ఒక కమిటీ తేల్చింది. నీలి బండి కదిలేది మూడు నిమిషాల తర్వాత, ఎనిమిదీ పదమూడుకి. ఆ తర్వాతిది ఎనిమిదీ ముప్ఫై మూడుకి. అది అందుకుంటే ఎనిమిదీ నలభై అయిదు డ్యూటీకి ఆవిడ చేరేసరికి తొమ్మిదవుతుంది.

"నువ్వు ఎనిమిది నిమిషాల నలభై సెకన్లని రాస్తే బండి టైం మారుస్తారా?" అని అడిగింది అక్క.

మార్చాలి, నియమం అదేనన్నాడు తమ్ముడు.

"అయితే అదే రాయి. నీ చేత్తో ఇన్నాళ్లూ ఒక్క సెకను ఎక్కువ తక్కువ రాయలేదు. నా కోసం కూడా రాయక్కర్లేదు. ఉన్నదే రాయి, చాలు."

వారం పాలు తాగి మళ్లీ కొలిచినా ఉన్నదే వచ్చింది. అక్కడి నుంచి చీఫ్ ఇంజనీరుగారు విషయాన్ని శాస్త్రీయంగా తీసుకున్నారు. ముందు పరుగు పందేల్లో పతకాలు తెచ్చుకున్న ఒక పోలీసును రప్పించి నడిపించారు. అతను నడవనని మొండికేసి పరిగెత్తాడు. నాలుగు నిమిషాలకు చేరి, పది నిమిషాలు బెంచీ మీద పడుకున్నాడు. దాంతో లోపం దారిలో కాదు, కొలిచే పద్ధతిలో ఉందని చీఫ్ ఇంజనీరుగారికి అర్థమైంది. బండి మారడమంటే ఏమిటో నిర్వచించడానికి ఒక కమిటీ వేశారు.

కమిటీ కష్టపడి పనిచేసింది. ఎస్కలేటర్ మీద ప్రయాణికుడు నిలబడి ఉంటాడు, నడవడు. కనుక ఆ సమయం లెక్కలోకి రాదని తేల్చింది. ఒంపుల దగ్గర అవతల ఏముందోనని తొంగి చూడటానికి పట్టే సమయం అతని సొంత కుతూహలానికి సంబంధించినదంది. ఇంత చేసినా అయిదు నిమిషాల కిందికి దిగలేదు. అప్పుడు డిజైన్ విభాగానికి ఒక ఆలోచన తట్టింది. నడకదారి గోడల మీద, మొదటి ఒంపు నుంచి చివరిదాకా, రైలు పెట్టె లోపలి బొమ్మలు వేయించారు. కిటికీలు, సీట్లు, పట్టుకుని వేలాడే పిడులు, పేపరు చదువుకుంటున్న ఒక ముసలాయన. ఇది చూడగానే ప్రయాణికుడి మనసు బండెక్కేస్తుందనీ, మనసెక్కాక కాళ్లు ఎప్పుడెక్కినా ఒకటేననీ వాదన. దాని ప్రకారం రెండు నిమిషాల పది సెకన్లలో బండి మారడం పూర్తవుతుంది. అందరూ ఒకరినొకరు అభినందించుకున్నారు. కానీ న్యాయ విభాగం ఒప్పుకోలేదు. బొమ్మల బండిలో ఎక్కినవాళ్ల దగ్గర దానికి వేరే టికెట్ ఉందా లేదా అని అడగాల్సి వస్తుందని ఫైలు మీద రాసింది.

బొమ్మలు మాత్రం గోడల మీద ఉండిపోయాయి. ఆ ముసలాయన్ని చూసి ఒకరిద్దరు కూలీలు జరగమన్నారని కూడా విన్నాం.

ఆరంభోత్సవానికి నాలుగు రోజులుందనగా చీఫ్ ఇంజనీరుగారు నడక గుమాస్తాను పిలిచి కూర్చోబెట్టి, టీ తెప్పించారు. ఊరి చివర, బండ్లు కడిగే డిపోలో ఒక గుమాస్తా పోస్టు ఉందని చెప్పారు. అక్కడ నడవాల్సిన దారులేవీ ఉండవట, చాలా విశ్రాంతిగా ఉంటుందట, అక్కడికెళ్లినవాళ్లు ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదట. ఇంతా చెప్పి సర్టిఫికెట్ ఫారం బల్ల మీద పెట్టారు.

నడక గుమాస్తా ఫారం వైపు చూశాడు. డిపోకి వెళ్లడమంటే ఇల్లు మారాలి, అక్క ఒంటరిదైపోతుంది. అయినా పెన్ను తీయలేదు.

"వాచీ ఏం చూపిస్తే అది రాస్తాను సార్. వాచీ మూడు చూపిస్తే మూడే రాస్తాను."

చీఫ్ ఇంజనీరుగారు ఆ మాటను చాలాసేపు నమిలారు. ఆ తర్వాత ఆయన మొహం విప్పారింది. ఆరంభోత్సవం రోజున మంత్రిగారే స్వయంగా ఎర్ర ప్లాట్‌ఫాం నుంచి నీలి ప్లాట్‌ఫాంకి చేరతారనీ, నువ్వు ఆయన పక్కనే ఉండి కొలవాలనీ, ఏం చూపిస్తే అది రాయాలనీ, ఇందులో బలవంతమేమీ లేదనీ అన్నారు. పైగా మొదటి ప్రయాణికురాలిగా మీ అక్కనే ఎంపిక చేశామని శుభవార్త చెప్పారు. సామాన్య ఉద్యోగిని, రోజూ బండి మారే మనిషి, ఫొటోకి బాగుంటుంది. ఆవిడ ఆసుపత్రి సూపరింటెండెంటుగారిని కూడా అతిథిగా పిలిచామన్నారు.

అక్కకు ఈ సంగతి తెలిసి కొంచెం ధైర్యం వచ్చింది. తనను ఎక్కించుకోకుండా ఆ రోజైతే బండి కదలదు కదా అనుకుంది. ఆవిడకు ఆర్నెల్లు నిండడానికి మిగిలింది ఆ ఒక్క రోజే.

ఆరంభోత్సవం రోజున మంత్రిగారి కోసం ఎర్ర బండి అయిదు నిమిషాలు ముందే, ఎనిమిదీ అయిదుకే వచ్చింది. దిగిన మంత్రిగారికి పూలదండ పడింది, దిగిన అక్క చేతికి పూలగుత్తి ఇచ్చారు. కెమెరాలు అక్కను నడకదారి మొదట్లో పది అడుగులు వేయించి, వెనక్కి పిలిచి, మళ్లీ అదే పది అడుగులు వేయించాయి. ఆ తర్వాత వెళ్లమని చెప్పాయి. ఆవిడ వెనకాల జనం కూడా బయలుదేరారు.

మంత్రిగారు దారి మొదట్లో నిలబడి లోపలికి తొంగి చూశారు.

"అవతలి చివర కనపడదేం?"

"ఒంపు ఉంది సార్," అన్నారు చీఫ్ ఇంజనీరుగారు.

"ఒంపు తర్వాత?"

"ఇంకో ఒంపు ఉంది సార్."

మంత్రిగారు మోకాలు నిమురుకున్నారు. ఆయన కార్యదర్శి చెవిలో ఏదో అన్నాడు. ఏం జరుగుతోందో నడక గుమాస్తాకు తెలిసేలోపే మంత్రిగారి పాదం కదిలింది. పద్దెనిమిదేళ్ల అలవాటు కొద్దీ వేలు దానంతటదే వాచీ మీటను నొక్కింది. పాదం నడకదారి వైపు కాకుండా పక్కనున్న లిఫ్టు వైపు తిరిగింది. లిఫ్టు పైకి తీసుకెళ్లింది. పైన కారు తలుపు తెరుచుకుని ఉంది. కొలిచే మనిషి పక్కనే ఉండాలి కనుక నడక గుమాస్తాను ముందు సీట్లోకి తోశారు. ముందు సైరన్ బండి, వెనక సైరన్ బండి, మధ్యలో ఖాళీ రోడ్డు. అటు పక్కన ఇంకో లిఫ్టు కిందికి దించింది. నీలి ప్లాట్‌ఫాం మీద మంత్రిగారి పాదం ఆనగానే వేలు మళ్లీ మీటను నొక్కింది.

వాచీ సరిగ్గా మూడు నిమిషాలు చూపించింది. సెకన్ల దగ్గర సున్నాలే ఉన్నాయి.

చీఫ్ ఇంజనీరుగారు ఫారం పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. బయలుదేరిన చోటు: ఎర్ర ప్లాట్‌ఫాం. చేరిన చోటు: నీలి ప్లాట్‌ఫాం. పట్టిన సమయం అన్నచోట ఖాళీ. నడక గుమాస్తా ఫారాన్ని పైనుంచి కిందిదాకా రెండుసార్లు వెతికి, ఏ దారిన వచ్చారో రాయడానికి గడి ఎక్కడుందని అడిగాడు. ఆ గడి ఎప్పుడూ లేదు. చేరడానికి ఇంకో దారి ఉంటుందని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు, ఆయనకు కూడా తోచలేదు.

ఆయన చేతిలోని వాచీ అబద్ధం చెప్పడం లేదు. ఆయన మూడు అని రాసి సంతకం పెట్టాడు. పెట్టాక గాని అక్క గుర్తుకు రాలేదు.

"సార్, మొదటి ప్రయాణికురాలు ఇంకా రాలేదు. బండి ఒక్క ఐదు నిమిషాలు ఆపండి సార్."

"వచ్చేసినట్టేనయ్యా. ఆవిడ మంత్రిగారితో పాటు ఎనిమిదీ పదమూడు బండెక్కినట్టు పేపర్లకు పొద్దున్నే పంపించేశాం," అన్నారు చీఫ్ ఇంజనీరుగారు ఎంతో శాంతంగా.

మంత్రిగారు ఎక్కారు. అతిథులెక్కారు. సూపరింటెండెంటుగారు కూడా ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపారు. బండి చెప్పిన సమయానికి కదిలిపోయింది. ఖాళీ ప్లాట్‌ఫాం మీద నడక గుమాస్తా సర్టిఫికెట్ నకలు పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి పూలగుత్తి పట్టుకుని, ఒక చెప్పు తెగి చేతిలోకొచ్చి, ఎగశ్వాసతో అక్క వచ్చింది. పట్టాల వైపు చూసింది. తమ్ముడి చేతిలో కాగితం చూసింది. ఆయన సిగ్గుతో తలెత్తలేకపోయాడు. ఆవిడ బెంచీ మీద కూర్చుని తెగిన చెప్పుకు పూలగుత్తి దారం విప్పి కట్టుకుంది.

మర్నాడు ఆసుపత్రి నుంచి మెమో వచ్చింది. సూపరింటెండెంటుగారి భాష చాలా మర్యాదగా ఉంది. తాము నిన్న ఎనిమిదీ పదమూడు బండిలో బయలుదేరినట్టు అన్ని పత్రికల్లోనూ ఫొటోతో సహా వచ్చింది. ఆ బండి దిగినవారు ఎనిమిదీ నలభైకల్లా ఆసుపత్రికి చేరారు, అందుకు మేమే సాక్షులం. తాము తొమ్మిదికి చేరారు. మధ్య ఇరవై నిమిషాలు ఎక్కడ గడిపారో ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వవలెను. నడకదారిలో ఆలస్యమైందని చెప్పదలిస్తే, అక్కడ పట్టేది మూడు నిమిషాలేనని తమ సోదరులే ధ్రువీకరించి ఉన్నారని గమనించవలెను.

అక్క మెమో తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. తమ్ముడు రెండుసార్లు చదివి, కాగితం లాక్కుని, జరిగింది జరిగినట్టు రాయడం మొదలుపెట్టాడు. లిఫ్టు, కారు, సైరన్లు, అన్నీ. సగం రాసేసరికి అక్క కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"అది రాస్తే నీ సంతకం దొంగ సంతకమవుతుంది. నిన్ను డిపోకి కాదు, ఇంటికే పంపిస్తారు. ఆ పోస్టు పోతే పోనీలేరా. నువ్వు కొలిస్తే తప్పుండదని ఊళ్లో ఒక పేరుంది, అది నేను తీయను."

ఆయన సగం రాసిన కాగితం మడిచి పక్కన పెట్టి, కొత్తది తీసుకున్నాడు. కళ్లు మాత్రం నిండాయి. అక్క తనే చెప్పింది, ఆయన రాశాడు: 'స్టేషన్ అందం చూస్తూ నన్ను నేను మరిచిపోయి ఆగిపోయాను. సమయం తెలియలేదు. క్షమించగలరు.'

హెడ్ పోస్టు వరసలో తర్వాతి ఆయనకు వెళ్లింది. ఆయన సొంత స్కూటర్ మీద వస్తాడు.

సంజాయిషీ చదివి సూపరింటెండెంటుగారు చలించిపోయారు. ఆరంభోత్సవం బండిలో పరిచయమైన చీఫ్ ఇంజనీరుగారికి దాని నకలు పంపారు. చీఫ్ ఇంజనీరుగారు మంత్రిగారికి చూపించారు. పదిరోజులు తిరిగేసరికి నడకదారి గోడ మీద, రైలు బొమ్మల మధ్య, ఎనిమిదడుగుల దీపాల బోర్డు వెలిసింది. అందులో పూలగుత్తి పట్టుకుని అక్క నడుస్తోంది. కింద పెద్ద అక్షరాలతో: 'స్టేషన్ అందం చూస్తూ నన్ను నేను మరిచిపోయాను. ఒక ప్రయాణికురాలు.' మంత్రిగారు శాసనసభలో కూడా ఆ వాక్యం చదివి వినిపించారు.

ఒకరోజు పొద్దున నడక గుమాస్తా, ఎవరూ చెప్పకుండానే, ఎర్ర ప్లాట్‌ఫాం నుంచి అక్క వెనకాలే వాచీ పట్టుకుని నడిచాడు. ఆవిడ ఆ బోర్డు దగ్గరికి వచ్చేసరికి వాచీలో మూడు నిమిషాలయింది. అవతల నీలి బండి కదిలిన చప్పుడు వినిపించింది. అక్క బోర్డు వైపు చూడకుండా నడుస్తూనే ఉంది. ఆయన అంకె రాసుకుని, ఆవిడ అడుగులో అడుగు వేస్తూ వెళ్లాడు.